మూడు మార్కుల సినిమా

ఎమ్మిగనూరు,
అక్టోబరు 1957.

చిరంజీవి తమ్ముడు జనార్ధన్‌కు అక్క కన్యకమ్మ దీవెనలు.

నువ్వు, మరదలు సుబ్బలక్ష్మి, పిల్లలు కులాసా అనుకుంటాను. నేను బాగానే ఉన్నాను, బాగుండక తప్పదు గనక. ఆదోనికి పత్తి దిగుతున్నదని విన్నాను. మండీలో నీకు ఊపిరి సలపదని తెలుసు. అయినా ఈ ఉత్తరం చివరిదాకా చదువు. సగం చదివి మడిచి జేబులో పెట్టుకోవడం నీకు చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటు.

మీ బావ పోయి ఏడాది దాటింది. ఆయన పెట్టిన డేరా సినిమాను నేను నడపడం మా మరిది శేషగిరికి మొదటినుంచీ మింగుడుపడలేదు. దసరా వెళ్ళగానే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. రాయచూరులో ఎవరో డేరానూ బొమ్మ వేసే మిషనునూ కలిపి తీసుకుంటామన్నారట. "ఆడమనిషి టికెట్ల కిటికీలో కూసుంటే నలుగురూ ఏమనుకుంటారు వదినా" అన్నాడు. నలుగురూ టికెట్లు కొనుక్కుంటారు అన్నాను. అతను నవ్వలేదు.

చివరికి ఇద్దరు పెద్దమనుషులను కూర్చోబెట్టి ఒక మాట అనుకున్నాం. పుష్యమాసంలో మా ఊరి జాతర. ఆ జాతర ఆఖరి రోజు సాయంత్రం ఆటకు నేల మొదలుకొని కుర్చీలదాకా డేరా నిండాలి. నిండితే డేరా నాది, ఇక దాని ఊసు ఎవరూ ఎత్తరు. నిండకపోతే రాయచూరు బండి ఎక్కుతుంది. నేను ఒప్పుకున్నాను. డేరా పోతే నాకు మిగిలేది శేషగిరి ఇంటి వంటగదిలో ఒక మూల. వాళ్ళు అన్నం పెట్టరని కాదు, పెడతారు. ఆ మూల నాకు వద్దు.

ఇక అసలు సంగతి. జాతరకు నేను బళ్ళారి నుంచి తెప్పిస్తున్న సినిమా పెట్టె "విత్తనగింజలు". అవును, నువ్వు "తెరవెలుగు" పత్రికలో పదికి మూడు మార్కులు వేసిన సినిమాయే. ఇంకొకరి నోట వినేకంటే నా చేతిరాతలో చూస్తే మేలని రాస్తున్నాను.

మూడేళ్ళ కిందట అది మా డేరాలో ఆడుతుండగానే నీ మార్కులు అచ్చయ్యాయి. మీ బావకు నీ మాట మీద అంత గురి. పెట్టె వెనక్కి పంపేశాడు. ఆ తర్వాత ఎన్నో పెట్టెలు వచ్చి పోయాయి, వాటి పేర్లు కూడా ఎవరికీ గుర్తులేవు. ఇది మాత్రం ఊరు వదల్లేదు. కరువు రోజుల్లో తమ్ముడు ఖాళీ సంచితో వస్తే, అక్క జొన్నల పాతర మూత మీద కూర్చుని, ఇవి విత్తనాలు, తినడానికి కాదు అని చెప్పి తలుపు వేసుకుంటుందే, ఆ సీను మీద మగ్గాల దగ్గరా చేలల్లోనూ ఇప్పటికీ వాదులాడుకుంటున్నారు. ఎందుకో నాకు పూర్తిగా తెలియదు. తెప్పించి చూపిస్తే తెలుస్తుంది.

కోపం వస్తే రెండు గ్లాసుల మజ్జిగ తాగి జవాబు రాయి.

మీ అక్క,
కన్యకమ్మ.


ఆదోని,
నవంబరు 1957.

పూజ్యురాలైన అక్కకు జనార్ధన్ నమస్కారాలు.

నీకు మతి పోయిందా అని మొదలుపెట్టి, పెద్దదానివి గనక కాగితం మార్చాను. మజ్జిగ తాగాను. కోపం తగ్గలేదు.

డేరా మొత్తాన్ని ఒక సినిమా మీద పెట్టేటప్పుడు మూడు మార్కుల సినిమా మీదనా పెడతారు? నేను మార్కులు గాలికి వేసేవాణ్ణి కాదని నీకు తెలుసు. నాన్న పత్తి చూసినట్టే నేను సినిమా చూస్తాను. ఆయన పత్తి నింపిన బోరెంలో చెయ్యి దూర్చి పిడికెడు దూది లాగి, రెండు బొటనవేళ్ళ మధ్య సాగదీసి, పింజ పొడవెంతో, రంగేమిటో, చెత్త ఎంత ఉందో నిలబడిన చోటే చెప్పేవాడు. ఆయన చెప్పిన తరగతిని బొంబాయివాళ్ళు కూడా కాదనలేదు. నేనూ అంతే. కథకు ఇన్ని, నటనకు ఇన్ని, పాటలకు ఇన్ని, ఛాయాగ్రహణానికి ఇన్ని అని విడివిడిగా వేసి కూడతాను. ఇందులో అక్కా తమ్ముడూ లేరు.

"విత్తనగింజలు" సంగతి చెప్పమంటావా? పాటల్లో ఒక్కటీ నోటికి రాదు. సగం సినిమా దీపం పెట్టని ఇంట్లో తీసినట్టుంటుంది. ఆ అక్క పాతర మూత మీద కూర్చుంటే కథ కూడా ఆమెతోపాటు కూర్చుండిపోతుంది, మళ్ళీ లేవదు. ఇదంతా తెలియడానికి పిడికెడు లాగి చూస్తే చాలు, బోరెమంతా కుమ్మరించనక్కరలేదు.

నా మాట విని "మణిమేఘ ద్వీపం" తెప్పించు. తొమ్మిది వేశాను. ఆ ఏడాది వరుసలో మొదటి స్థానం కూడా దానికే ఇచ్చాను. ఎగిరే మంచం ఉంది, మాట్లాడే చిలుక ఉంది, కత్తియుద్ధం కళ్ళు తిప్పుకోనివ్వదు. మంత్రాలయం నుంచీ నందవరం నుంచీ బండ్లు కట్టుకొని జాతరకు వచ్చే జనానికి ఇంతకంటే ఏం కావాలి? కరువేమన్నా వాళ్ళు ఇళ్ళల్లో చూడందా, టికెట్ కొని చూడడానికి?

బావ ఆ మిషను తెచ్చిన రోజు బండి వెనకే నేనూ నడిచాను. ఎక్కడ గుంత వస్తుందో, ఎక్కడ అద్దం పగులుతుందో అని ఆయన చెయ్యి తీయలేదు. ఆ మిషను రాయచూరు పోతుంటే నేను చూడలేను. మొండితనం వేరే దేనిమీదైనా చూపించు.

సుబ్బలక్ష్మి నిన్ను అడిగినట్టు చెప్పమంది.

నీ తమ్ముడు,
జనార్ధన్.


ఎమ్మిగనూరు,
నవంబరు 1957.

చిరంజీవి జనార్ధన్‌కు దీవెనలు.

"మణిమేఘ ద్వీపం" నేనూ చూశాను. నవ్వాను, చిలుక మాట్లాడినప్పుడు చప్పట్లు కొట్టాను. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేసరికి ఏమీ మిగల్లేదు. అది తప్పని నేననడం లేదు. ఆ పూటకు అది తొమ్మిదే, నీ లెక్కకు నేను అడ్డురాను. నేనడిగేది తెల్లవారిన తర్వాత సంగతి. ఇక్కడ మగ్గాలవాళ్ళు చీర బాగుందో లేదో మగ్గం మీద ఉండగా తేల్చరు. కొన్నామె నాలుగైదు ఉతుకులు ఉతికి మళ్ళీ జాతరలో కనబడినప్పుడు, ఆమె ఒంటిమీద చూసి తేలుస్తారు.

మొన్న తిప్పమ్మ, హులిగెమ్మ వేరుశనగ ఒలవడానికి వచ్చారు. కూలికి పోయే మనుషులు, ఇద్దరూ ఒకే వీధి. జాతరకు ఏ సినిమా అని అడిగితే చెప్పాను. చేతులు ఆగిపోయాయి.

"ఆయమ్మ సేసింది సరే" అంది తిప్పమ్మ. "ఇత్తనాలు తినేస్తే ఆ పొద్దుకు తమ్ముడు బతుకుతాడు. పై ఏటికి ఊరంతా సస్తాది."

"తోడబుట్టినోడు ఆకలని వస్తే మూత మింద కూసుంటుందా యాడన్నా? నా గడపకొస్తే నేనైతే పాతర తవ్విస్తాను" అంది హులిగెమ్మ.

"తవ్విచ్చి, వానొచ్చినాక ఏమిత్తుతావు?"

హులిగెమ్మ ఒలిచిన గింజలు పక్కకు నెట్టింది. కాసేపు కాయలు ఒలిచి, మళ్ళీ తనే మొదలుపెట్టింది. మూడేళ్ళ కిందట రెండుపూటలు చూసిన సినిమా, జనార్ధన్. ఒక్క పాట నోటికి రాదన్నావు, నిజమే, వాళ్ళకూ రాదు. కానీ ఆ అక్క వాళ్ళ వీధిలో కాపురం ఉంటున్నట్టు మాట్లాడుకుంటున్నారు. దీనికి నువ్వు ఏ గడిలో మార్కు వేస్తావు?

ఇంకొకటి. ఇది వాదనకు కాదు, నా కోసం అడుగుతున్నాను. వానలు పడి పంట చేతికొచ్చాక, ఆ అక్క కొత్త కంకులు పట్టుకొని తమ్ముణ్ణి వెతుక్కుంటూ పోయి అతని తలుపు తడుతుంది గదా. ఆ తలుపు తెరుచుకుంటుందంటావా? మీ బావా నేనూ దీని మీద ఒక మాటకు రాలేకపోయాం. నువ్వు ఇన్ని సినిమాలు చూసినవాడివి, నీ మాట చెప్పు.

మీ అక్క,
కన్యకమ్మ.


ఆదోని,
డిసెంబరు 1957.

అక్కకు నమస్కారాలు.

జవాబు ఆలస్యమైంది. అకాలపు జల్లు పడి మార్కెట్టు యార్డులో బోరాలు తడిశాయి. తడిసిన సరుకు మీద రైతులకూ మాకూ రోజూ తగవే. జిన్నింగు మిల్లులు సరిగా తిరగడం లేదు. సుబ్బలక్ష్మికి పన్ను నొప్పి తగ్గింది.

తలుపు సంగతి అడిగావు. తెరుచుకుంటుంది, అందులో అనుమానమేముంది? ఇటువంటి సినిమాలన్నిటికీ అదే ముగింపు. తలుపు తెరుచుకుంటుంది, తమ్ముడు అక్క భుజం మీద పడి ఏడుస్తాడు, వాయిద్యాలన్నీ ఒక్కసారి మోగుతాయి. అందుకే నేను దానికి ఎక్కువ వేయలేదు.

తిప్పమ్మ, హులిగెమ్మల వాదన చదివి నవ్వుకున్నాను. అయితే ఇద్దరు కూలివాళ్ళ వాదనతో డేరా నిండదు గదా. అందుకని రాత్రంతా ఆలోచించి ఒక దారి చూశాను. నా మీద నీకు నమ్మకం లేకపోయినా జనానికి ఉంది. జాతర ముందు వచ్చే సంచికలో "మరొకసారి చూశాను" అని శీర్షిక పెట్టి "విత్తనగింజలు"కు ఏడు వేస్తాను. ఎడిటరుతో మాట్లాడాను, అభ్యంతరం లేదన్నాడు. మూడును ఏడు చేయడం నాకు చిన్న పని, నీకు డేరా మిగులుతుంది. ఆ సినిమా గొప్పదై కాదు, నువ్వు నా అక్కవు గనక ఈ పని చేస్తున్నాను.

ఒక కార్డు ముక్క రాయి చాలు, వ్యాసం పంపిస్తాను.

నీ తమ్ముడు,
జనార్ధన్.


ఎమ్మిగనూరు,
డిసెంబరు 1957.

జనార్ధన్‌కు.

కార్డు చాలదు, అందుకే కవరు.

వద్దు. నువ్వు ఆ ఏడు వేశావంటే నేనే "తెరవెలుగు"కు రాసి, ఇది తమ్ముడు అక్కకు పెట్టిన చీర, సినిమాకు వేసిన మార్కు కాదని చెబుతాను. చెయ్యనని అనుకోకు.

నీ మూడు మార్కుల మీద నాకు కోపం రాలేదు. నీకు అట్లా అనిపించిందని ఊరుకున్నాను. ఈ ఏడు మార్కుల మీద వచ్చింది. ఇందులో అక్కా తమ్ముడూ లేరని గొప్పగా రాసి, నెల తిరక్కుండా అక్కను తెచ్చి గడిలో కూర్చోబెడతావా? నాన్న బతికుండగా మేనమామ పత్తి తెస్తే తక్కువ తరగతి చెప్పాడు, ఆ మామ మన ఇంట భోంచేయకుండా వెళ్ళిపోయాడు. అమ్మ ఏడ్చింది. నాన్న తరగతి మార్చలేదు. ఆ చెయ్యి నీకు వచ్చిందనే నేను అందరికీ చెప్పుకుంటున్నాను.

డేరా పోతే పోనీ. దొంగ మార్కుతో నిండిన డేరాలో నేను కూర్చోలేను. నింపితే ఆ సినిమాయే నింపాలి, లేకపోతే రాయచూరువాడికి నేనే తాళ్ళు విప్పి ఇస్తాను.

నువ్వు జాతర వెళ్ళేదాకా నా గడప తొక్కొద్దు. వస్తే నీ మొహం చూసి మెత్తబడతానేమోనని భయం. నీకు ఏదో ఒక సాయం చెయ్యాలనిపిస్తుంది, నాకు సరే అనాలనిపిస్తుంది. రావద్దు.

తలుపు సంగతి జవాబు రాశావు. దాని గురించి తర్వాత మాట్లాడుకుందాం.

కన్యకమ్మ.


ఆదోని,
జనవరి 1958.

అక్కకు.

వ్యాసం పంపలేదు. ఎడిటరుకు వద్దని రాశాను. గడప తొక్కొద్దన్నావు, తొక్కను.

ఒక్క సంగతి నీకు తెలియాలి. గుంతకల్లు నుంచి ఇంకొక డేరా మీ జాతరకు వస్తున్నది. వాళ్ళు తెస్తున్నది "మణిమేఘ ద్వీపం". దాని యజమాని మండీకి వచ్చి, నా మార్కులు నోటీసులో వేసుకుంటానన్నాడు. నీ సినిమాకు వేసినవి కూడా పక్కనే వేస్తాడట. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను. పత్రికలో అచ్చయిన మాటను వేసుకోవద్దని ఎట్లా అనేది? అక్క కోసం మాట మార్చడం నువ్వే నన్ను చేయవద్దన్న పని. వాడు నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

కావాలంటే ఇప్పటికైనా పెట్టె మార్చుకో. నేను ఏమీ అనుకోను.

జనార్ధన్.


ఎమ్మిగనూరు,
జనవరి 1958. (కార్డు)

జనార్ధన్‌కు.

జాతర మొదలైంది. గుంతకల్లువాడు జట్కాబండికి మైకు కట్టి ఊరంతా తిప్పుతున్నాడు. "మా పెట్టెకు తొమ్మిది మార్కులు, పక్క డేరాకు మూడే మూడు. ఏసింది ఎవురో కాదు, ఆయమ్మ తోడబుట్టినోడే" అని అరిపిస్తున్నాడు. వాళ్ళ డేరా నిండింది. మాది సగం కూడా లేదు. శేషగిరి వచ్చి, ఖాళీగా ఉన్న ఒక కుర్చీలో కూర్చుని, లేచిపోయాడు.

మా ఆపరేటరు మారెప్ప చేత పెద్ద బోర్డు రాయించి డేరా ముందు పెట్టాను. "ఇది ఆదోని జనార్ధన్ పదికి మూడు మార్కులు వేసిన సినిమా. మిగతా ఏడు మార్కులు లోపల ఉన్నవి."

పెట్టె మార్చను.

కన్యకమ్మ.


ఎమ్మిగనూరు,
జనవరి 1958.

చిరంజీవి జనార్ధన్‌కు అక్క దీవెనలు.

జాతర అయిపోయింది. కాళ్ళు వాచాయి, గొంతు లేదు. రాయాల్సింది చాలా ఉంది.

మొదటి రెండు రోజుల సంగతి కార్డులో చెప్పానుగా. బోర్డు చూసి నవ్వి కొంతమంది వచ్చారు, నవ్వడానికే వచ్చారు. నువ్వు రాసినట్టే పాటలకు దగ్గారు, చీకటి సీన్లకు "దీపం పెట్టప్పా" అని మారెప్పను కేకలేశారు. అక్క పాతర మూత మీద కూర్చుని తలుపు వేసుకున్నాక ఇంటర్వెల్. సగంమంది బయటికి వచ్చి, రాతిగుండె ఆడది అని తిట్టి, మిఠాయి అంగళ్ళవైపు పోయారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. వెళ్ళొద్దని చేతులు పట్టుకుని లాగలేను గదా.

ఉండిపోయినవాళ్ళు మాత్రం ఆట విడిచాక ఇళ్ళకు పోలేదు. డేరా పక్కనే టీ అంగడి దగ్గర గుంపుగా నిలబడ్డారు. నేను లెక్క చూసుకుంటూ వింటున్నాను. తమ్ముడు తలుపు తీస్తాడని ఒకడు, తీయడని ఒకడు. సోమప్ప అనే నేతపని ఆయన, "సంచి ఖాళీగా పంపిన అక్కకు ఏ మొహంతో తీస్తాడప్పా" అంటే, ఆయన భార్య జయమ్మ, "ఆయమ్మ ఇత్తనాలు దాసింది కాబట్టే కంకులు తెచ్చింది, తీయక ఏం సేస్తాడు" అంది. మొగుడూ పెళ్ళాలు అంతమందిలో మాటామాటా అనుకున్నారు. మర్నాడు ఆయన తన వాదనకు సాక్షిగా అన్నను తెచ్చాడు, ఆమె ఇద్దరు చెల్లెళ్ళను తెచ్చింది. హులిగెమ్మ, తిప్పమ్మ చెరొక బండెడు కూలివాళ్ళను పోగుచేసుకొచ్చారు. ఇంటర్వెల్‌లో ఎవరైనా లేస్తే, నిన్న చూసినవాళ్ళే భుజం పట్టి కూర్చోబెట్టారు. నేను పట్టుకోలేని చేతులు వాళ్ళు పట్టుకున్నారు.

గుంతకల్లువాడి డేరా రోజూ నిండింది, అబద్ధం ఎందుకు. అక్కడి జనం నవ్వుకుంటూ వచ్చి నవ్వుకుంటూ పోయారు. ఇక్కడి జనం కొట్లాడుకుంటూ వెళ్ళి మళ్ళీ వచ్చారు.

ఆఖరి రోజు సాయంత్రం నేల, బెంచీలు, కుర్చీలు నిండి, గుంజల దగ్గర నిలబడ్డారు. శేషగిరికి కూర్చోవడానికి చోటు దొరకలేదు. నిలబడే మొత్తం చూశాడు. ఆట అయ్యాక నా కిటికీ దగ్గరికి వచ్చాడు. గెలిచినందుకు ఏమైనా అంటాడేమోనని నేను చీర కొంగు సర్దుకున్నాను.

"వదినా, ఆయప్ప తలుపు తీస్తాడా తీయడా? నువ్వు ఇన్నిసార్లు సూసింటావు, సెప్పు" అన్నాడు.

నాకూ తెలియదు అన్నాను.

తెరవైపు ఒకసారి చూసి, "మిషను ఈడనే ఉండనీ. ఇంగోసారి సూడాల" అని వెళ్ళిపోయాడు. నేను కిటికీ మూసుకుని, మీ బావను తలుచుకుని ఏడ్చాను. సంతోషానికే ఏడ్చాను.

ఇప్పుడు తలుపు సంగతి. ఆ సినిమాలో తలుపు తెరుచుకోవడం మనకు కనబడదు, జనార్ధన్. ఆమె కంకులను గుమ్మానికి కట్టి, తలుపు తట్టి, ముందు నిలబడుతుంది, అంతటితో తెర తెల్లబడుతుంది. భుజం మీద పడి ఏడవడాలు లేవు, వాయిద్యాలు లేవు. నీ ఉత్తరం చదివిన రోజే నాకు తెలిసింది, నువ్వు ఇంటర్వెల్‌కే లేచి మండీకి పోయావని. పిడికెడు చాలనుకున్నావు. నాన్న పైనుంచి ఒక పిడికెడు, అడుగునుంచి ఒక పిడికెడు తీసేవాడు. బోరెం తెచ్చిన రైతు ఎంత తొందరపెట్టినా రెండో పిడికెడు తీయకుండా నోరు విప్పేవాడు కాదు. నువ్వు పైపిడికెడే నేర్చుకున్నావు. ఇది అప్పుడే రాసి ఉంటే నువ్వు సిగ్గుపడి సినిమాను పొగిడేవాడివి. ఆ పొగడ్త కూడా నాకు వద్దనిపించింది.

ఆఖరి రోజు సాయంత్రం నేల టికెట్టు జనంలో, తలకు తువ్వాలు చుట్టుకుని, హులిగెమ్మ వాళ్ళ గుంపు వెనక ఒక మనిషి కూర్చున్నాడు. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి కూర్చోవడం మన ఇంట్లో ఒక్కడికే అలవాటు. నేను పిలవలేదు. రావద్దన్నది నా గడపకు, డేరాకు కాదు. ఇంటర్వెల్ దీపాలు వెలిగినప్పుడు నేను జనాన్ని చూడలేదు, శేషగిరిని చూడలేదు. ఆ తువ్వాలునే చూశాను. డేరా ఉంటుందో పోతుందో అన్న సంగతి కూడా ఆ నిమిషం మరిచిపోయాను. ఆ తువ్వాలు లేవలేదు.

మర్నాడు పొద్దున వాకిలి ఊడ్వడానికి తలుపు తీస్తే గుమ్మానికి జొన్న కంకుల గుత్తి వేలాడుతున్నది. ఎవరు కట్టారో చెప్పలేను. ముడి మాత్రం పత్తి బోరాలకు వేసే ముడి. విప్పలేదు. పిచ్చుకలు వచ్చి తింటున్నాయి.

మీ అక్క,
కన్యకమ్మ.


ఆదోని,
ఫిబ్రవరి 1958.

పూజ్యురాలైన అక్కకు జనార్ధన్ నమస్కారాలు.

నీ ఉత్తరం చివరిదాకా చదివాను. రెండుసార్లు చదివాను. సుబ్బలక్ష్మి చేత కూడా చదివించుకున్నాను.

ఆ రోజు నేను వచ్చింది నీ డేరా నిండుతుందో లేదో చూడడానికే, సినిమా చూడడానికి కాదు. ఇంటర్వెల్‌లో లేవబోయాను, నిజం. నా ముందున్నామె, తిప్పమ్మ అనుకుంటాను, వెనక్కి తిరిగి, "యాడికి పోతాండావన్నా, కూసో, ఇంగా సగం ఉంది" అంది. కూర్చున్నాను. ఆమె నన్ను ఎవరో అనుకుంది. ఎవరో అయి కూర్చోవడం బాగుంది.

మార్కుల సంగతి చెబుతాను, కోప్పడకు. పాటలు ఇప్పటికీ బాగాలేవు. చీకటి సీన్లలో ఇప్పటికీ మొహాలు కనబడవు. ముక్కలుగా విడదీసి వేస్తే ఈ రోజుకూ నాలుగు దాటదు, ఎవరు అడిగినా అదే చెబుతాను. "మణిమేఘ ద్వీపం"కు వేసిన తొమ్మిది కూడా తగ్గించను. కానీ ఆ ముక్కలన్నీ కూడితే వచ్చేది వేరు, ఆమె కంకులు కట్టి నిలబడినప్పుడు డేరాలో జనమంతా ఊపిరి బిగపట్టింది వేరు. దానికి నా దగ్గర గడి లేదు. పదేళ్ళు పోయాక కూడా గడి గీయగలనని అనుకోను. మీ ఊళ్ళో ఇప్పటికీ వాదులాడుకుంటున్నారని నువ్వు రాసినప్పుడు అది ముచ్చట అనుకున్నాను. అసలు లెక్క అదేనని ఇప్పుడు తోస్తున్నది.

"తెరవెలుగు"కు రెండు ఉత్తరాలు రాశాను. "విత్తనగింజలు"కు వేసిన మూడు మార్కుల పక్కన "ఇంటర్వెల్ వరకు" అని చేర్చి అచ్చు వేయమన్నాను. వేస్తారో, నన్నే తీసేస్తారో చూడాలి. ఇంకొకటి, ఈ పదేళ్ళలో వచ్చిన గొప్ప చిత్రాల వరుస పంపమని ఎడిటరు అడిగాడు. ఇంకో ఇరవై ఏళ్ళు ఆగండి, ఎమ్మిగనూరు టీ అంగడి దగ్గర అప్పటికి ఎవరు దేనికోసం కొట్లాడుకుంటున్నారో కనుక్కుని పంపిస్తానని రాశాను. ఆయన జవాబు ఇంకా రాలేదు.

తిరుగు బస్సులో కూడా అదే గొడవ. కండక్టరు తీయడన్నాడు, వెనక సీటులో ఉన్న ముసలాయన తీస్తాడన్నాడు. ఆదోని స్టాండులో దిగినా వాళ్ళు మాట ఆపలేదు. ఇంటికి వచ్చి సుబ్బలక్ష్మికి కథ చెప్పాను. తీస్తాడని ఆమె అంది. నాకు తెలియదన్నాను. అప్పటినుంచీ మా ఇంట్లోనూ మొదలైంది.

"నా కోసం అడుగుతున్నాను" అని నువ్వు ఒక ప్రశ్న అడిగావు. నేను చూడకుండా జవాబు రాశాను. ఇప్పుడు చూశాక నా దగ్గర జవాబు లేదు. జాతర వెళ్ళిపోయింది గనక ఆదివారం పొద్దున బస్సుకు బయలుదేరి వస్తున్నాను. ఆ తలుపు తెరుచుకుంటుందో లేదో నీ గుమ్మంలో నిలబడి చూస్తాను.

నీ తమ్ముడు,
జనార్ధన్.